ఊపిరి ముందు, గొట్టం తరువాత

పేరు చెప్పనవసరం లేకుండానే ఈ హాలులో అందరికీ తెలిసిన ఒక మత్తువైద్య ఆచార్యుని స్మృతిలో జరుగుతున్న సభ ఇది. ఆపరేషన్ థియేటర్లో శిష్యుడు లారింగోస్కోపు చేతికి తీసుకోగానే ఆయన వేసే మొదటి ప్రశ్న స్వరపేటిక కనబడిందా అని కాదు, ఛాతీ లేస్తోందా అని. ఈ ఏటి ఉపన్యాసం ఆ ప్రశ్న చుట్టూనే నడుస్తుంది.

శ్వాసమార్గ సంరక్షణ చరిత్రను పుస్తకాల్లో పరికరాల చరిత్రగా రాయడం రివాజు. మొదట లోహపు గొట్టం, తరువాత రబ్బరు గొట్టం, వంపు తిరిగిన బ్లేడు, స్వరపేటిక మాస్కు, ఇప్పుడు వీడియో లారింగోస్కోపు. ఆ వరుస తప్పేమీ కాదు. అయితే అది చదివిన విద్యార్థికి, కొత్త పరికరం వచ్చిన ప్రతిసారీ ప్రాణాలు దక్కుతూ వచ్చాయన్న భావం మిగులుతుంది. అసలు జరిగింది అలా లేదు. వైద్యుడి దృష్టి రోగి ఊపిరిమీద నిలిచిన కాలాల్లో చేతిలో ఉన్న మామూలు సాధనంతోనే మనుషులు బతికారు. ఆ దృష్టి సాధనంమీదికి మళ్ళిన చోట, గదినిండా పరికరాలుండగానే మనుషులు పోయారు. ఈ మాటను నిలబెట్టే సాక్ష్యాలను మూడు శతాబ్దాల నుంచి ఏరి మీ ముందుంచడమే ఈ ఉపన్యాసం పని.

ఈ కథలో హైదరాబాదుకు ఒక అధ్యాయముంది. 1880ల చివర నిజాం రాజ్యంలో రెసిడెన్సీ సర్జన్‌గా, హైదరాబాదు వైద్య పాఠశాలకు పెద్దగా ఎడ్వర్డ్ లారీ ఉండేవాడు. అతనిది ఎడింబరోలో సర్జన్ జేమ్స్ సైమ్ దగ్గర నేర్చిన సంప్రదాయం. మత్తుకోసం క్లోరోఫాం ఇచ్చేటప్పుడు నాడిమీద వేలు పెట్టి కూర్చోమనేది లండన్ పద్ధతి. నాడిని వదిలి ఊపిరిని గమనించమనేది ఎడింబరో పద్ధతి. ఏది సరైనదో తేల్చడానికి 1888లో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వైద్యులతో మొదటి క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. ముందు ఆగేది ఊపిరేనని, గుండె తరువాతనని అది తేల్చింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఆ మాట నమ్మలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌన్లిచ్చి, లాన్సెట్ ఎంపిక చేసిన శాస్త్రవేత్తనే పిలిపించాడు. అలా 1889 అక్టోబరులో థామస్ లాడర్ బ్రంటన్ హైదరాబాదు వచ్చాడు. వందలాది జంతువులమీద ప్రయోగాలు సాగాయి. ఆనాటి ప్రమాణాలతో సాగిన ఆ ప్రయోగాలకు నేటి నైతిక సంఘమేదీ అనుమతినివ్వదు. రెండో కమిషన్ కూడా లారీ మాటనే బలపరిచింది.

కమిషన్ తేల్చింది సంపూర్ణ సత్యం కాదు. మత్తు పలచగా ఉన్నప్పుడు క్లోరోఫాం గుండె లయను ఉన్నట్టుండి చెదరగొట్టి ప్రాణం తీయగలదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించాడు. అంటే గుండెను గురించి లారీ పొరబడ్డాడు. అయినా అతని శిష్యులకు అబ్బిన అలవాటు మాత్రం పొరపాటు కాదు. మత్తిచ్చేవాడు రోగి మొహంనుంచి, ఛాతీనుంచి చూపు తిప్పకూడదని వాళ్ళు నేర్చుకున్నారు. ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యుల్లో ఒకరుగా చరిత్రకారులు చెప్పే రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ పాఠశాలలోనే తయారైంది. సిద్ధాంతం ఓడి ఆచరణ నిలిచిన సందర్భాలు వైద్యచరిత్రలో మరికొన్ని ఉన్నాయి కాని, మన ఊరిలో జరిగినది కాబట్టి ఇది మరింత గుర్తుంచుకోదగినది.

అంతకు నూటయాభై ఏళ్ళ వెనక్కి వెళితే ఇదే విషయం తలకిందులుగా కనిపిస్తుంది. 1732లో స్కాట్లండులోని అల్లోవాలో బొగ్గుగనిలో పొగ పీల్చి పడిపోయిన కార్మికుణ్ణి విలియం టోసాక్ అనే సర్జన్ నోటిలో నోరు పెట్టి ఊది బతికించాడు. ఆ ఉదంతం 1744లో అచ్చయింది. 1767లో ఆమ్‌స్టర్‌డాంలో, 1774లో లండన్‌లో నీట మునిగినవారిని కాపాడే సంఘాలు పుట్టాయి. నోటితో ఊదడం అనాగరికమనిపించి, దాని స్థానంలో కొలిమితిత్తులు వచ్చాయి. తిత్తితో బలంగా ఊదితే ఊపిరితిత్తులు పగిలి, గాలి బయటికి పొంగి చావు ముంచుకొస్తుందని 1820ల చివర ఫ్రాన్సులో లెరోయ్ డెతియోల్ చూపించాడు. ఎంత గాలి, ఎంత ఒత్తిడితో అన్న ప్రశ్న అక్కడ లేవవలసింది. కాని ఎవరూ ఆ ప్రశ్న వేయలేదు. ఊదడం అనే భావననే పక్కనపెట్టేశారు.

దాని తరువాత ఒక శతాబ్దం నొక్కుళ్ళ కాలం. మార్షల్ హాల్, సిల్వెస్టర్, షేఫర్, హోల్గర్ నీల్సన్ అంటూ ఒకరి తరువాత ఒకరు ఛాతీని నొక్కడమో, చేతుల్ని పైకెత్తడమో, వీపుమీద ఒత్తడమో బోధించారు. స్కౌట్ల చేతిపుస్తకాల్లో, అగ్నిమాపక శిక్షణలో, రేవుల దగ్గర గోడపటాల్లో అవే బొమ్మలు. పడిపోయిన మనిషి గొంతులో గాలి పోయే దారి తెరిచి ఉందా అని మాత్రం ఆ నూరేళ్ళలో గట్టిగా అడిగినవారు తక్కువ.

ఆ ప్రశ్న 1950లలో అమెరికాలో మళ్ళీ లేచింది. పోలియో వార్డులో పిల్లల ప్రాణాలను నోటి ఊపిరితో నిలిపిన జేమ్స్ ఎలమ్, మనం బయటికి వదిలే గాలిలో ఇంకొకరికి సరిపడే ఆక్సిజన్ ఉంటుందని కొలిచి చూపాడు. వియన్నాలో పుట్టి బాల్టిమోర్‌లో పనిచేస్తున్న పీటర్ సఫార్ ఆ పరిశోధన అందుకున్నాడు. స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారికి మత్తిచ్చి, కండరాలు కదలకుండా చేసి, పాత నొక్కుడు పద్ధతులను వారిమీదే పరీక్షించాడు. ఆ నొక్కుళ్ళతో చాలామందిలో గాలి లోపలికి పోనేలేదు. స్పృహ తప్పిన మనిషి నాలుక, మెత్తని అంగిలి వెనక్కి జారి దారిని మూసేస్తున్నాయి. తలను వెనక్కి వంచి, దవడను ముందుకెత్తి, నోటితో ఊదితే అదే మనిషి ఛాతీ లేచింది. 1958లో అచ్చయిన ఆ ఫలితాలు శతాబ్దపు బోధనను పక్కకు నెట్టేశాయి. ఊదినవారిలో అగ్నిమాపక సిబ్బంది, స్కౌటు పిల్లలు ఉన్నారు. అంటే ఈ పని డాక్టరు పట్టా లేనివారి చేతుల్లో కూడా పండుతుందని ఆనాడే తేలిపోయింది.

సఫార్ జీవితంలో శ్వాస అత్యవసరం సొంత ఇంట్లోకే వచ్చింది. 1966లో పదకొండేళ్ళ కూతురు ఉబ్బసంతో చనిపోయింది. మరుసటి ఏడాది పిట్స్‌బర్గ్‌లో ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సు సేవ రూపుదిద్దుకోవడంలో అతని చేయి పెద్దది. ఉద్యోగాలు దొరకని హిల్ డిస్ట్రిక్ట్ నల్లజాతి యువకులను తీసుకుని నెలల తరబడి శిక్షణనిచ్చి, అంతవరకు శవవాహనాలతో, పోలీసు వ్యాన్లతో సాగుతున్న రోగి రవాణాను వైద్యంగా మార్చారు. తరువాత నాన్సీ కరోలైన్ ఆ శిక్షణకు పాఠ్యక్రమం రాసింది. 1975లో నగరపాలన ఆ సేవను మూసేసింది. 2005లో హైదరాబాదులో 108 మొదలైనప్పుడు వాడిన అంబులెన్సు భావనకు వేళ్ళు ఎక్కడున్నాయో వెతికేవారు ఆ వీధులదాకా వెళ్ళవలసి వస్తుంది.

ఇక కోపెన్‌హాగన్. ఈ ఉపన్యాసంలో ఎక్కువసేపు ఆగవలసిన చోటు ఇదే.

1952 వేసవిలో డెన్మార్క్ రాజధానిని పోలియో ముంచెత్తింది. అంటువ్యాధుల ఆసుపత్రి బ్లెగ్‌డాం. దానికి అధిపతి లాసెన్. మింగడం, ఊపిరి తీయడం పడిపోయిన రోగులు రోజూ వస్తున్నారు. ఆసుపత్రిలో ఉన్నది ఒక ఇనుప ఊపిరితిత్తి పెట్టె, ఛాతీకి కట్టే ఆరు కవచ యంత్రాలు. తొలి మూడు వారాల్లో యంత్రాల సాయం పొందిన 31 మందిలో 27 మంది పోయారు. రక్తంలో బైకార్బొనేటు పెరిగి కనబడుతోంది. అది క్షారం ఎక్కువై వచ్చిందని వైద్యులు అనుకున్నారు. శవపరీక్షకు వెళ్ళిన నలుగురి ఊపిరితిత్తుల్లో ఆ చావుకు తగిన జబ్బు లేకపోవడం మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ గమనించాడు. బోస్టన్‌లో పనిచేసి వచ్చిన ఇబ్సెన్ ఆ లెక్కను మరోలా చదివాడు. బైకార్బొనేటు పెరగడం కారణం కాదు, పరిణామం. ఊపిరి చాలక కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంటే శరీరం దాన్ని సర్దుకునేందుకు చేస్తున్న ప్రయత్నమది. చెమటలు పట్టి, రక్తపోటు పెరిగి, చర్మం తడిగా వెచ్చగా ఉన్న రోగులు చివరకు మెదడు దెబ్బతిని పోతున్నారన్న చిత్రానికి ఆ ఒక్క మాటతో అర్థం వచ్చింది.

ఆగస్టు 27న అతనికి ఒక అవకాశం ఇచ్చారు. చావుబతుకుల్లో ఉన్న పన్నెండేళ్ళ అమ్మాయి. గొంతు దగ్గర కోసి, గాలితో ఉబ్బే కఫ్ ఉన్న గొట్టం పెట్టారు. ఆ పిల్ల ఊపిరికి ఎదురుతిరుగుతోంది, బ్యాగుతో గాలి నింపడం కుదరడం లేదు. చూడటానికి వచ్చినవారిలో కొందరు ఆశ వదులుకున్నారు. ఇబ్సెన్ పెంటొథాల్ అనే మత్తుమందు ఇచ్చి ఆమె సొంత ప్రయత్నాన్ని ఆపేశాడు. అప్పుడు చేతి బ్యాగుతో గాలి నెమ్మదిగా లోపలికి వెళ్ళింది. కార్బన్ డయాక్సైడ్ దిగింది, రక్తపోటు దిగింది, చెమట ఆగింది. గదిలోని డాక్టర్లకు ఇంతకంటే వాదన అవసరం లేకపోయింది.

సమస్య సంఖ్యది. ఒకేసారి 70 మందికి చేతి ఊపిరి కావాలంటే చేతులెక్కడివి? విశ్వవిద్యాలయ వైద్య విద్యార్థులను పిలిచారు, తరువాత దంతవైద్య విద్యార్థులను. ఆ శీతాకాలం మొత్తంమీద దాదాపు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా మంచం పక్కన కూర్చుని రబ్బరు బ్యాగు పిండారు. ఎంత వేగం, ఎంత లోతు అన్నది చెప్పడానికి తెర లేదు. రోగి మొహం రంగు, చెమట, కళ్ళలోని అసౌకర్యం, నాడి ఇవే సూచనలు. మాట్లాడలేని రోగులకు ఊపిరి చాలడం లేదంటే కనురెప్పలతోనో, పెదవి కదలికతోనో చెప్పే సంకేతాలు విద్యార్థులు కనిపెట్టుకున్నారు. మరణాల వంతు మొదట సగానికి, చివరికి నాలుగింట ఒకటికి దగ్గరగా పడిపోయింది. ప్రయోగశాలలో పౌల్ ఆస్ట్రప్ రక్తవాయువులను కొలిచే పద్ధతిని అభివృద్ధి చేస్తూ పోయాడు. 1953లో ఇబ్సెన్ కోపెన్‌హాగన్‌లోనే తీవ్రరోగుల కోసం ప్రత్యేక విభాగాన్ని నడపడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ వినబడే ఐసీయూ అన్న మాట వెనకున్న భావనకు మూలం అది.

ఈనాటి చేతి బ్యాగు చరిత్ర కూడా అక్కడిదే. లారీ డ్రైవర్ల సమ్మెతో ఆక్సిజన్ సిలిండర్లు ఆసుపత్రులకు చేరే దారి మూసుకుపోయే ప్రమాదం ఏర్పడినప్పుడు, సిలిండరు లేకుండానే తనంతట తాను ఉబ్బే బ్యాగు కావాలనుకున్నారు. మత్తువైద్యుడు హెనింగ్ రూబెన్, ఇంజనీరు హోల్గర్ హెస్సే కలిసి తొలి నమూనా చేస్తూ లోపల సైకిలు చక్రపు ఊచలు అమర్చారు. 1956లో అది అంబు పేరుతో మార్కెట్లోకి వచ్చింది. అంబులెన్సు వెనక డబ్బాలో మన టెక్నీషియన్ ఈనాడు చేయిపెట్టి తీసే సంచికి తాత అదే.

గొట్టం చరిత్రను తక్కువ చేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. 1878లో గ్లాస్గోలో విలియం మాకెవెన్ నాలుక మొదట్లో కణితి ఉన్న రోగికి వేళ్ళతో తడిమి నోటిగుండా శ్వాసనాళంలోకి గొట్టం పంపి, తరువాత మత్తిచ్చి ఆపరేషన్ నడిపించాడు. న్యూయార్క్‌లో జోసెఫ్ ఓ'డ్వైయర్ డిఫ్తీరియా పొర గొంతుకు అడ్డుపడిన పిల్లలకు చిన్న లోహపు గొట్టాలు పెట్టి గొంతు కోయకుండా కాపాడాడు. మొదటి ప్రపంచయుద్ధం మిగిల్చిన ఛిద్రమైన మొహాలకు హారొల్డ్ గిలీస్ శస్త్రచికిత్స చేస్తుండగా ఐవాన్ మగిల్ రబ్బరు గొట్టాన్ని మత్తువైద్యానికి స్థిరపరిచాడు. 1943లో మకింటాష్ వంపు బ్లేడు వచ్చింది. ఆ తరువాత స్వరపేటికను చూడగలగడం, స్వరతంత్రులమధ్యనుంచి గొట్టం దూర్చగలగడం మత్తువైద్యుడి నైపుణ్యానికి ప్రత్యేక చిహ్నమైపోయింది. అక్కడే ఒక చిక్కు మొదలైంది. నైపుణ్యానికి చిహ్నమైన పని విఫలమైతే ఆగడం అవమానంగా తోస్తుంది. ఇంకొకసారి ప్రయత్నిస్తే పడిపోతుందనిపిస్తుంది.

ఆ ధోరణికి ఒక అడ్డుకట్ట గుంటూరు నుంచి వచ్చింది. గుంటూరు జిల్లాలో పుట్టి, గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో మత్తువైద్యుడుగా పనిచేసిన మల్లంపాటి శేషగిరిరావు 1983లో ఒక చిన్న లేఖ, 1985లో 210 మంది రోగులతో చేసిన పరిశోధన ప్రచురించాడు. కూర్చున్న రోగి నోరు బాగా తెరిచి నాలుక చాచినప్పుడు కొండనాలుక, మెత్తని అంగిలి, గొంతు పక్క స్తంభాలు ఎంతమేరకు కనిపిస్తాయో చూడమన్నాడు. నోటి పరిమాణానికి నాలుక పెద్దదైతే స్వరపేటిక కనబడటం కష్టమవుతుందన్నది అందులోని తర్కం. మూడు తరగతులుగా మొదలైన ఆ వర్గీకరణకు 1987లో సామ్సూన్, యంగ్ నాలుగోది చేర్చారు. ఇవాళ మల్లంపాటి అన్న ఇంటిపేరు ప్రపంచంలో ఏ మూల మత్తుడాక్టరైనా కేసు షీటులో రాస్తాడు.

ఆ పరీక్షకు పరిమితులున్నాయి. ఒంటరిగా అది చెప్పే జోస్యం బలహీనమని తరువాతి సమీక్షలు తేల్చాయి. క్యాజువాలిటీలో రక్తం కక్కుతున్న రోగిని కూర్చోబెట్టి నోరు తెరవమని అడగడం కుదిరే పని కూడా కాదు. అయినా మల్లంపాటి చేసిన అసలు మేలు ఆ నాలుగు తరగతుల్లో లేదు. గొట్టం పడకపోవచ్చన్న ఆలోచన గొట్టం చేతిలోకి రాకముందే చేయాలని అతను అలవాటు చేశాడు. పడకపోతే తరువాత మెట్టు ఏది అన్న ప్రశ్న దానివెంటే వస్తుంది.

ఆ ప్రశ్న వేసుకోని చోట ఏమవుతుందో 2005 మార్చిలో ఇంగ్లండులో జరిగిన ఒక మరణం చెబుతుంది. విమాన పైలట్ మార్టిన్ బ్రోమిలీ భార్య సైనస్ ఆపరేషన్ కోసం చేరింది. వయసు 37, ఇతర జబ్బులు లేవు. మత్తిచ్చాక స్వరపేటిక మాస్కు సరిగా కూర్చోలేదు, కొద్ది నిమిషాల్లో ఆక్సిజన్ శాతం 40కి పడిపోయింది. అనుభవజ్ఞులైన డాక్టర్లు ముగ్గురు గొట్టం పెట్టడానికి మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూనే పోయారు. ఒక నర్సు గొంతు కోసే సామగ్రి తెచ్చి అందుబాటులో ఉందని చెప్పింది. మరొకరు ఐసీయూలో పడక సిద్ధం చేయమని ఫోను చేశారు. ఆ మాటలు ప్రయత్నంలో మునిగినవారి చెవికెక్కలేదు. పదమూడు రోజుల తరువాత ఆమె పోయింది. బ్రోమిలీ ఎవరినీ దూషించలేదు. విమానయానంలో ప్రమాదాన్ని ఎలా విశ్లేషిస్తారో వైద్యంలోనూ అలా చేయాలని అడిగాడు. గొట్టమూ పడక, మాస్కుతో ఊపిరీ అందనప్పుడు ఏం చేయాలో మార్గదర్శకాలు అప్పటికే ఉన్నాయి. లోపించింది ఆ క్షణంలో ఆగి, తాను చేస్తున్న పనినుంచి ఒక అడుగు వెనక్కి వేయడం.

2011లో బ్రిటన్ మత్తువైద్య కళాశాల, డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ కలిసి ప్రచురించిన నాలుగో జాతీయ ఆడిట్ ఇదే విషయాన్ని దేశవ్యాప్తంగా చూపించింది. తీవ్రమైన శ్వాసమార్గ ప్రమాదాల్లో కనీసం నాలుగింట ఒకటి ఐసీయూలోనో, అత్యవసర విభాగంలోనో జరిగింది. ఐసీయూ మరణాలు, మెదడు నష్టాల్లో 70 శాతానికి పైగా కేసుల్లో, వదిలిన గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను చూపే క్యాప్నోగ్రఫీ లేకపోవడం ఒక కారణమై ఉండవచ్చని నివేదిక అభిప్రాయపడింది. గొట్టం అన్నవాహికలోకి జారినా స్వరతంత్రులమధ్య దూరిందని కంటికి భ్రమ కలుగుతుంది, స్టెతస్కోపుకూ కలుగుతుంది. తెరమీద కార్బన్ డయాక్సైడ్ తరంగం నిలకడగా రాకపోతే గొట్టం తప్పుచోట ఉందనే భావించి తీసేయాలి. ఇందులో సీనియారిటీకి మినహాయింపు లేదు.

అంబులెన్సులో, క్యాజువాలిటీలో ఏది ముందు అన్నది ఇటీవలి పరిశోధనలు కొలిచి చూపాయి. 2000లో అచ్చయిన ఒక అధ్యయనంలో, లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో అంబులెన్సు సిబ్బంది పన్నెండేళ్ళలోపు 830 మంది పిల్లలకు కొందరికి గొట్టం, కొందరికి బ్యాగు మాస్కు ఇచ్చి పోల్చారు. గొట్టం వేసినందువల్ల బతికినవారి సంఖ్య పెరగలేదు. 2018లో అచ్చయిన, బ్రిటన్‌లో ఆసుపత్రి బయట గుండె ఆగిన 9,296 మందితో చేసిన ఎయిర్‌వేస్-2 అధ్యయనంలో, గొట్టం అందుకున్నవారిలో 6.8 శాతం, స్వరపేటికపై కూర్చునే మాస్కు అందుకున్నవారిలో 6.4 శాతం మంచి స్థితిలో కోలుకున్నారు. తేడా లెక్కలోకి వచ్చేంత లేదు. 2024లో వచ్చిన ప్రీఆక్సీ అధ్యయనం మరోవైపునుంచి చెప్పింది. గొట్టం వేయడానికి ముందు మామూలు ఆక్సిజన్ మాస్కు బదులు ఒత్తిడితో ఊపిరినిచ్చే మాస్కు వాడినప్పుడు, ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయిన రోగులు 18.5 శాతంనుంచి 9.1 శాతానికి తగ్గారు. గొట్టం పడకముందు గడిచే నిమిషాలమీద ఇంత ప్రతిఫలం ఉంది.

ఎందుకంటే నిల్వ అంత చిన్నది. విశ్రాంతిలో ఉన్న పెద్దమనిషి శరీరం నిమిషానికి 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఖర్చు చేస్తుంది. మామూలు గాలి పీలుస్తుండగా ఊపిరి ఆపితే ఊపిరితిత్తుల్లోని నిల్వ ఒకటి రెండు నిమిషాలకు మించదు. ముందే ఆక్సిజన్‌తో నింపిన ఆరోగ్యవంతుడికి శాతం 90కి పడటానికి దాదాపు ఎనిమిది నిమిషాలు పడుతుంది. అదే ఊబకాయమున్నవారికి, గర్భిణులకు, జబ్బు ముదిరినవారికి ఆ గడువు రెండు మూడు నిమిషాలకు కుంచించుకుపోతుంది. ఆ గడువుకు లోబడి ప్రయత్నాలను పరిమితం చేసుకోవాలి. ఒక ప్రయత్నం తప్పితే మళ్ళీ మాస్కు వేసి ఛాతీ లేపాలి, శాతం పైకి వచ్చాక స్థానం మార్చి, బ్లేడు మార్చి, గొట్టానికి దారిచూపే బూజీ తీసుకుని, లేదా చేయి మార్చి రెండో ప్రయత్నం చేయాలి. ఏమీ మార్చకుండా అదే పని మళ్ళీ చేయడం ప్రయత్నం కిందికి రాదు.

మాస్కు పట్టడం చిన్నపని అనుకునేవారు ఉన్నారు. అది నిజానికి లారింగోస్కోపు కంటే కష్టమైన కళ. ఒంటిచేత్తో పట్టి, మొహంమీదికి నొక్కితే గడ్డం వెనక్కి పోయి దారి ఇంకా మూసుకుంటుంది. చేయవలసింది మొహాన్నే మాస్కులోకి లేపడం. ఇద్దరున్నచోట ఒకరు రెండు చేతులా పట్టుకోవాలి. బొటనవేళ్ళు రెండూ మాస్కు అంచులమీద, మిగతా వేళ్ళు దవడ ఎముక కొనల వెనక కొక్కెంలా, దవడను ముందుకు లాగుతూ. రెండోవారు బ్యాగు పిండాలి, ఛాతీ లేచేంత మాత్రమే, ఆరు సెకన్లకొకసారి. కట్టుడుపళ్ళు మాస్కు వేసేటప్పుడు నోట్లోనే ఉంచితే అంచు బాగా ఆనుతుంది, లారింగోస్కోపు పెట్టేటప్పుడు తీసేయాలి. గడ్డం మీసాలున్నవారికి కొంత జెల్లీ రాస్తే గాలి కారదు. గురక వినబడుతుంటే దారి సగం మూసుకుంది. ఛాతీ, పొట్ట ఒకదానికొకటి ఎదురుగా ఊగుతూ శబ్దమే లేకపోతే దారి పూర్తిగా మూసుకుంది. ఈ వివరాలన్నీ విద్యార్థి చేతివేళ్ళకు రావాలంటే బొమ్మమీద పదేపదే చేయడం తప్ప మార్గం లేదు.

గొట్టం తప్పనిసరైన సందర్భాలూ ఉన్నాయి. మంటల్లో వేడిపొగ పీల్చి గొంతు వాచిపోతున్న రోగి, మందు పడక గొంతు ఉబ్బుతున్న రోగి, వాంతి లోపలికి పోతూ స్పృహ లేని రోగి. అక్కడ వాయిదా వేయడమే ప్రమాదం, ఎందుకంటే ఈ గంటలో పడే గొట్టం మరో గంటకు పడకపోవచ్చు. అది కూడా పడక, మాస్కూ పనిచేయక ఊపిరి అందనప్పుడు మెడ ముందునుంచి, క్రికోథైరాయిడ్ పొర దగ్గర స్కాల్పెల్‌తో దారి తీయడం నేర్పకుండా ఏ అత్యవసర వైద్యుణ్ణీ పంపకూడదు. ఆ నిర్ణయం చేతులకంటే మనసుకు ముందు తెలియాలి. 2016లో భారత డిఫికల్ట్ ఎయిర్‌వే సంఘం విడుదల చేసిన మార్గదర్శకాలు ఆ మెట్లను మన పరిస్థితులకు తగ్గట్టు విడదీసి చెప్పాయి. వార్డులో గోడమీద అవి ఉన్నాయో లేవో చూసుకోవడం ఈ సభలో ఉన్న వారికి చేతనైన పనే.

మన రెండు రాష్ట్రాల్లోని క్యాజువాలిటీలకు వచ్చే శ్వాస అత్యవసరాలు పుస్తకంలో చదివినవి మాత్రమే కావు. పురుగుమందు తాగిన రైతు ఊపిరితిత్తుల్లో నీరు, నోట్లో ఉమ్మి పొంగుతూ వస్తాడు. గొట్టంలో అవే పొంగుతుంటాయి, తీస్తూ ఉండాలి. అట్రోపిన్ మోతాదును ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గి, శబ్దం స్పష్టం కావడాన్ని బట్టి పెంచుకుంటూ పోవాలి. ఉబ్బసం ముదిరిన రోగికి గాలి లోపలికి వెళుతుంది గాని బయటికి రావడానికి సమయం చాలదు. ఆందోళనతో వేగంగా బ్యాగు పిండితే లోపల గాలి పేరుకుని గుండెకు రక్తం తిరిగి రావడమే కష్టమవుతుంది. నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది సార్లు, ఊపిరి వదలడానికి దండిగా సమయమిస్తూ ఇవ్వాలి. రక్తపోటు హఠాత్తుగా పడిపోతే బ్యాగు విడదీసి ఛాతీ మెల్లగా నొక్కి, చిక్కిన గాలిని పోనివ్వాలి. వేగంగా పిండడం శ్రద్ధకు గుర్తని అనుకునేవారికి ఈ రోగి ఎదురు పాఠం చెబుతాడు.

వీటిలో కోపెన్‌హాగన్ పోలియో అనుభవానికి అతి దగ్గరగా ఉన్నది కట్లపాము కాటు. రాత్రి నేలమీద పడుకున్న మనిషిని కరుస్తుంది, చాలాసార్లు గాటు కూడా కనబడదు. తెల్లవారుజామున పొట్టనొప్పి, రెప్పలు వాలడం, మాట మందగించడం, మింగలేకపోవడం, ఆ తరువాత ఊపిరి. కట్లపాము విషం నరాల కొసలను దెబ్బతీస్తుంది. విషవిరుగుడు రక్తంలో తిరుగుతున్న విషాన్ని తటస్థం చేస్తుంది గాని, అప్పటికే పాడైన నరాల కొసలు బాగుపడటానికి రోజులు పడుతుంది. ఆ రోజుల్లో రోగిని బతికించేది ఎవరో ఇచ్చే ఊపిరే. నాగుపాము విషం వేరే మార్గంలో పనిచేస్తుంది కనుక దానికి నియోస్టిగ్మిన్ కొంతవరకు సాయపడుతుంది. కట్లపాము కాటుకు అది అంతగా పనికిరాదు. అందుకే గ్రామంలోని ఆరోగ్య కేంద్రంలో వెంటిలేటర్ లేదని ఎవరూ కుంగిపోనవసరం లేదు. అక్కడ బ్యాగు ఉంటే, దాన్ని మార్చి మార్చి పిండే ఇద్దరు మనుషులు ఉంటే జిల్లా ఆసుపత్రిదాకా మనిషి చేరతాడు.

ఈ రోగులకు ఒక వింత ఉంది. ఒంట్లో కదలిక ఉండదు, కనుపాపలు పెద్దవై వెలుతురుకు స్పందించవు, ఏ ప్రతివర్తనమూ కనబడదు. మెదడు చచ్చిపోయిందని పొరబడి ప్రయత్నం ఆపేసిన ఉదంతాలు వైద్యసాహిత్యంలో ఉన్నాయి. లోపల మాత్రం ఆ మనిషికి స్పృహ ఉండవచ్చు, చుట్టూ మాట్లాడేది వినబడుతుండవచ్చు. అందువల్ల కట్లపాము కేసును జిల్లా ఆసుపత్రికి అప్పగించే ప్రతి టెక్నీషియనూ, ప్రతి డ్యూటీ డాక్టరూ కాగితంమీద మూడు వివరాలు విడిగా రాయాలి: మొదటిసారి రెప్పలు వాలింది ఎప్పుడు, చేతి ఊపిరి మొదలైంది ఎప్పుడు, మధ్యలో ఎంతసేపు ఆగింది. కనుపాపల స్థితిని బట్టి అవతలివాళ్ళు తొందరపడి తీర్మానం చేయకుండా, పాముకాటు అని ఎర్రసిరాతో పైన రాయాలి. బ్యాగు పట్టుకున్నవారు రోగితో ఏం చేస్తున్నామో చెబుతూ ఉండాలి. ఈ పద్ధతి ఈ ఏడాది నుంచే తమ విభాగాల్లో ఫారంగా అచ్చువేయించి వాడటం మొదలుపెట్టాలని ఈ వేదికనుంచి విభాగాధిపతులకు విజ్ఞప్తి.